సగం గోలీలు, రేకుల తలుపు

సత్యవ్వ ఈ లోకంలో కొట్లాడి గెలుచుకున్న మొదటి వస్తువు ఒక తలుపు. రేకుల తలుపు. లోపలి నుంచి గడియ పడే తలుపు.

సిరిసిల్లలో కరుణాకర్ ఆసామి కార్ఖానా వెనక గోడకు అది ఇప్పటికీ ఉంది. నీలం రంగు రెండుసార్లు పెచ్చులూడితే రెండుసార్లు మళ్లీ వేశారు. గడియ మాత్రం మొదటిదే. ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపు అది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. రాజులు ఖిల్లాలు గెలిచారు, మన సత్యవ్వ మరుగుదొడ్డి గెలిచింది. ఆ ఖిల్లాల్లో ఇవాళ గబ్బిలాలు వేలాడుతున్నాయి. ఈ తలుపు మాత్రం పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంది. ఏది గొప్పో చదివేవాళ్లే తేల్చుకోవాలి.

ఆమె పుట్టింది కోనరావుపేట దగ్గరి ఒక చిన్న ఊళ్లో. చదివింది ఐదో తరగతి. అయితే ఏం? ఆ బడిలో ఎక్కాలు తడబడకుండా ఒప్పజెప్పిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. పద్మశాలి ఇంటి బిడ్డ కాబట్టి నూలు పోగు తెగితే చూడకుండానే వేళ్లతో ముడి వేసేది. సిరిసిల్లలో సాంచా నడిపే ఓదెలుకు ఇచ్చి పెళ్లి చేశారు. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచా కడుపు నిండాలంటే కండె కావాలి. అడ్డం పోగు చుట్టిన చిన్న గొట్టమే కండె. మగవాళ్లు సాంచాలు నడుపుతారు, ఆడవాళ్లు కండెలు చుడతారు. సత్యవ్వ కండెల మిషన్ ముందు కూర్చున్న మొదటి నెలలోనే ఆమె చుట్టిన కండె మధ్యలో జారదని పేరొచ్చింది. నేతగాళ్లు ఆమె బుట్ట కోసం పోటీలు పడేవాళ్లు. ఇది కల్పించి చెప్పే మాట కాదు, ఓదెలే ఒప్పుకున్న మాట. పెళ్లాం గొప్ప ఒప్పుకునే మగవాడు ఆ వాడలో అతనొక్కడే. అది కూడా సత్యవ్వ సాధించినదే అనుకోవాలి.

ఆమె పక్క మిషన్ మీద బుచ్చవ్వ. ఇద్దరిదీ ఒకే ఊరు. బుచ్చవ్వ వాళ్లు కల్లు గీత పని చేసేవాళ్లు. ఆమె భర్త రాజేశం ఒకప్పుడు తాళ్లెక్కేవాడు, ఇప్పుడు సిరిసిల్లలో ఆటో తోలుతున్నాడు. చిన్నప్పుడు వేములవాడ జాతరలో ఇద్దరూ సోపతి కట్టుకున్నారు. ఒక కొబ్బరికాయ కొట్టి చెరో చిప్ప తిన్నారు. పచ్చ గాజులు కొని చెరిసగం తొడుక్కున్నారు. సోపతి కట్టుకున్నవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. చేతిలోకి ఏదొచ్చినా సగం సగం. అడగకముందే పెట్టాలి. అడిగించుకుంటే అది సోపతి కాదు. ఆ కట్టుబాటును ఇద్దరూ ముప్పై ఏళ్లకు పైగా తప్పలేదు. జిలేబి పొట్లమైనా, పెళ్లి పిలుపైనా, ఏడుపైనా సగం సగమే.

మగవాళ్లు గోడ చాటుకు పోయి వచ్చేవాళ్లు. ఆడవాళ్లకు ఆ చాటు లేదు. కాబట్టి వాళ్లు నీళ్లు తాగడం మానుకున్నారు. పొద్దున ఇంట్లో తాగిన చాయ్, మళ్లీ పొద్దుగూకాక ఇంట్లో చెంబెడు నీళ్లు. మధ్యలో నాలుక పిడచగట్టినా సరే, ఆపుకోవడమే. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లకు మొదట నేర్పే విద్య కండె చుట్టడం కాదు, ఆపుకోవడం.

ఒక ఎండాకాలం పొద్దున సత్యవ్వ మిషన్ ఆపి, లేచి, కార్ఖానా మెట్ల మీద పోయి కూర్చుంది. వెనకే బుచ్చవ్వ వచ్చి కూర్చుంది. బుచ్చవ్వ నోట్లో నాలుక లేని మనిషి. ఎందుకని అడగలేదు, సోపతి కూర్చుంది కాబట్టి కూర్చుంది. తర్వాత మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు.

అప్పుడు జరిగింది చూడాలి. బుట్టల్లో కండెలు అయిపోతున్న కొద్దీ సాంచాలు ఒకదాని వెనక ఒకటి మూగబోయాయి. ముందు మూలనున్నది, తర్వాత దాని పక్కది. టకటక శబ్దం పలచబడి, పలచబడి, ఒక్క సాంచా మాత్రమే మిగిలి, అదీ ఆగింది. ఆ కార్ఖానాలో పట్టపగలు అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. గాలిలో ఎప్పుడూ గిరగిరా తిరిగే నూలు నూగు దారి తప్పినట్టు నిలబడి, మెల్లగా, మంచు రాలినట్టు నేల మీదికి రాలింది. ఎక్కడో కాకి అరిచింది. ఆ కాకి రోజూ అరుస్తుందని ఆడవాళ్లకు ఆనాడే తెలిసింది.

నిశ్శబ్దం విని ఆసామి ఇంట్లోంచి ఉరికొచ్చాడు.

“ఏమైందే సత్తెవ్వా, కరెంటు పోయిందా?”

“కరెంటు ఉన్నది ఆసామీ. ఒంటికి వోయే జాగనే లేదు.”

“గింత దానికి సాంచాలు బంద్ వెడ్తరా?”

“గింతదేనా? రేపు ఒక్కరోజు నువ్వు పొద్దుగాల్నుంచి మాపటిదాక ఆపుకొని, గీ మెట్ల మీద కూసో. గప్పుడు గింతదో గంతదో మాట్లాడుకుందాం.”

వెనక నించి నేతగాళ్లు పకపకా నవ్వారు. ఆసామి ముఖం కందగడ్డయింది. అయినా కరుణాకర్ చెడ్డవాడేం కాదు, ఇంట్లో ఆడపిల్లలున్నవాడు. వారం తిరిగేసరికి వెనక గోడకు నాలుగు రేకులు, ఒక తలుపు, ఆ తలుపుకు గడియ వచ్చాయి. మొదట లోపలికి పోయింది బుచ్చవ్వ. చాలాసేపు రాలేదు. ఏమైందని తలుపు తడితే, “ఏం లేదే, గడియ వేసుకొని నిలవడ్డ. మంచిగనిపిస్తున్నది,” అంది లోపల్నుంచి.

ఆ తర్వాత సత్యవ్వ సాధించినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. కార్ఖానాకు మంచినీళ్ల కుండ తెప్పించింది, కిటికీకి జాలీ పెట్టించింది, బిడ్డ శ్రీలతను ఇంటర్ దాకా చదివించి కుట్టుపని నేర్పించింది. ఇవాళ కోరుట్లలో శ్రీలత కుట్టిన జాకెట్టుకు పెట్టింది పేరు. ఆమె మొగుడు హరీశ్ మస్కట్‌లో ఉంటాడు. అక్కడివాళ్లకు కూడా ఆ జాకెట్లు పంపుతుంది.

కానీ ఒక్కటి ఉంది. తలుపైతే వచ్చింది గానీ ఆపుకునే అలవాటు పోలేదు. కుండలో నీళ్లు చల్లగా ఉండేవి, తాగేవాళ్లు లేరు. ఒళ్లు ఒకసారి నేర్చుకున్న పాఠాన్ని అంత తొందరగా మరిచిపోదు. పైగా తలుపు రాకముందే ఒక బాధ ఒంటి లోపలికి వచ్చి కూర్చుంది.

దానికి ఆడవాళ్లు పెట్టుకున్న పేరు ‘వేడి’. వేడి చేసిందంటే ఇంకో ఆడమనిషికి అర్థమైపోతుంది. ఒంటికి పోతే మంట, పోయొచ్చినా మళ్లీ పోవాలనిపించడం, పొత్తికడుపులో సలుపు. మగవాళ్లకు చెప్పరు. వేడికి మందు చలువ. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు. రాజేశం తన పాత దోస్తుల దగ్గర్నుంచి ఈతకల్లు తెచ్చి, “తాగు వదినె, పొద్దుగాల దించింది, సల్లగుంటది,” అనేవాడు. ఎందుకో అతను అడగడు, ఆమె చెప్పదు.

చలువకు లొంగకపోతే నర్సింగం దగ్గరికి పోయేవాళ్లు. ఆయన ఆ వాడకు ఆరెంపి డాక్టరు. పరీక్షలూ అవీ లేవు. తలుపు దగ్గర నిలబడి “వేడి” అంటే చాలు, కాగితంలో గోలీలు కట్టి ఇచ్చేవాడు. “మొత్తం ఏసుకోవాలె సత్తెవ్వా,” అని వెనక నుంచి అరిచేవాడు కూడా. ఆ మాట వీధి మలుపు దాకా వినిపించేది, ఇంటి దాకా వచ్చేది కాదు.

ఎందుకంటే ఇంటి దగ్గర బుచ్చవ్వ కాచుకుని ఉండేది. ఆమెకూ అదే బాధ. పొట్లం విప్పి సత్యవ్వ గోలీలను రెండు కుప్పలు చేసేది. బేసి గోలీ మిగిలితే కత్తిపీట మీద రెండు ముక్కలు చేసేది. సగం నీకు, సగం నాకు. మందు దగ్గర మాత్రం సోపతి మాట తప్పుతుందా? ఇంకోసారి బుచ్చవ్వ తెచ్చేది, అప్పుడూ ఇదే లెక్క. రెండు రోజులకు మంట తగ్గేది. తగ్గాక గోలీ ఎందుకు? తగ్గింది కదా అని ఇద్దరూ సంతోషపడేవాళ్లు. కొన్నాళ్లకు ఇద్దరికీ మళ్లీ వచ్చేది. మొదట పసుపుపచ్చ గోలీలకు తగ్గేది, తర్వాత వాటికి తగ్గక తెల్లవి, తర్వాత తెల్లవాటికీ తగ్గక, మింగలేనంత పెద్దవి. ఇలా ఏళ్లు గడిచాయి. ఇద్దరిలో ఏ ఒక్కరికీ దురాశ లేదు. దురాశ ఉండి మొత్తం తానే మింగి ఉంటే బాగుండేదేమో!

మొన్న ఏప్రిల్ చివర, సిరిసిల్లలో రోడ్లు పెనంలా కాలుతున్న మధ్యాహ్నం, సత్యవ్వకు చలి పుట్టింది. పళ్లు టకటకలాడాయి. బొంత కప్పుకుంది. ఓదెలు ఇంకో బొంత కప్పాడు. నడుముకు ఒక పక్క ఎవరో సలాకు పెట్టి తిప్పుతున్నట్టు నొప్పి. కళ్లు మూస్తే గాలిలో పోగులు కనిపించాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఎన్ని ముడులు వేసినా తెగిపోతున్న పోగులు. వేళ్లు బొంత అంచు మీద ముడులు వేస్తూనే ఉన్నాయి.

శ్రీలత ఫోన్ చేసింది. తల్లి “మంచిగనే ఉన్న బిడ్డా” అంది. ఆ గొంతు నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టుంది. శ్రీలత కత్తెర కింద పెట్టి, కోరుట్లలో బస్సెక్కి, మాపటికల్లా సిరిసిల్లలో దిగింది. మర్నాడు పొద్దునే తల్లిని తీసుకుని జగిత్యాలకు బయలుదేరింది. అక్కడి ఆసుపత్రిలో డాక్టర్ సంధ్యారాణి తన దగ్గర జాకెట్లు కుట్టించుకునే గిరాకీ, మంచి మనిషి, తిట్టకుండా చెబుతుంది.

ఆ దారి సత్యవ్వకు సగం మెలకువలో, సగం మత్తులో గుర్తుంది. కిటికీ పక్కన మక్క చేన్లు కోసేసిన మోళ్లు. తవ్వి ఆరబెట్టిన పసుపు కుప్పలు. బస్సు కుదిపినప్పుడల్లా ఆ పసుపు లేచి ఆకాశానికి అంటుకున్నట్టు, ఆకాశమంతా పసుపు దంచిన రోలులా ఉన్నట్టు. జగిత్యాల రాగానే మామిడిపండ్ల వాసన. లారీల నిండా, బండ్ల నిండా, గాలి నిండా. ఆ వాసన పట్టుకుని తాను చిన్నపిల్లలా నడిచిపోతున్నాననుకుంది. నిజానికి శ్రీలత, ఒక నర్సు ఆమెను రెండు రెక్కలు పట్టి మోస్తున్నారు.

డాక్టరమ్మ చేయి చల్లగా ఉంది. అన్నీ అడిగింది. ఎప్పట్నుంచి, ఎన్నిసార్లు, ఏ గోలీలు, ఎన్ని రోజులు. సగం లెక్క విని పెన్ను ఆపింది.

“సగం ఎవలకిచ్చేదానివమ్మా?”

“మా సోపతికి. ఎందుకియ్యద్దు?”

“ఇయ్యద్దని కాదమ్మా. గిది సూడు. మందు ఏసుకోంగనే ముందుగాల సచ్చేటివి బక్క పురుగులు. గవి సస్తే మంట తగ్గుతది. నువ్వు తగ్గిందనుకుంటవు. మొండియి ఇంకా ఉంటయ్. గప్పుడే మందు బంద్ జేస్తే, మిగిలిన గా మొండియే పిల్లలు వెడ్తయ్. మల్లొచ్చినప్పుడు గా మందంటే వాటికి లెక్కనే ఉండదు. నువ్వట్ల, మీ సోపతట్ల, ఇద్దరు కలిసి మొండి పురుగులను సాదుకున్నరు.”

“మరి సూస్తే ఎట్ల తెలుస్తది మొండియేవో?”

“నీ మూత్రం తీసి, అండ్ల ఉన్నవాటిని పెంచుతం. పెరిగినంక ఏ మందుకు సస్తయో సూస్తం. రెండు మూడు రోజులైతది.”

“అంటే తోడువెట్టి సూస్తరా? పెరుగు పేరుకున్నట్టు?”

డాక్టరమ్మ నవ్వింది. “గట్లనే అనుకో. ఏం పేరుకుంటదో సూద్దాం.”

పేరుకున్నది మంచిది కాదు. పసుపు గోలీకి, తెల్ల గోలీకి, పెద్ద గోలీకి, మామూలు సూదులకు కూడా ఆ పురుగులు లొంగలేదు. లొంగే మందులు ఒకటో రెండో మిగిలాయి. అవి గోలీలు కావు, నరానికి ఎక్కించే సూది. అప్పటికే కిడ్నీకి పాకింది. డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె అట్లా కూర్చుంటే మాట పెద్దదని శ్రీలతకు తెలుసు.

“సత్తెమ్మా, గీ సూది మొత్తం నడవాలె. నీకు మంచిగనిపించినా సరే, నేను పొమ్మనేదాక పోవద్దు. నడుమ ఇడిసిపెడితే, ఈసారి మల్లొస్తే నీకియ్యనీకి నా దగ్గర మందు ఉండదు. కిడ్నీ పోతది, మనిషి పోతది. నాకు మాటియ్యి.”

సత్యవ్వ మాట ఇచ్చింది. జీవితంలో ఇచ్చిన మాట తప్పని మనిషి. కానీ ఇంతకుముందు ఇచ్చిన మాటలన్నీ సోపతికి ఇచ్చినవి.

జ్వరంలో ఆమె కార్ఖానాలో తిరిగింది. సాంచాలు నడుస్తున్నాయి గానీ శబ్దం లేదు. నేతగాళ్ల ముఖాలు కనిపించవు. బట్ట మాత్రం నేస్తూనే ఉంది, అది గులాబీ రంగులో పొర్లి పొర్లి గుమ్మం దాటి, మానేరు ఒడ్డు దాకా పరుచుకుంటోంది. దాని మీద నడుచుకుంటూ పోతే నీలం తలుపు వచ్చింది. తడితే లోపల్నుంచి బుచ్చవ్వ, “మంచిగనిపిస్తున్నదే,” అంది. ఎంతసేపు తట్టినా తీయలేదు.

సూది మొదలైన నాలుగో పొద్దున ఆమె కళ్లు తెరిస్తే పక్క తడిగా, ఒళ్లు చల్లగా ఉంది. చెమట పట్టి జ్వరం దిగింది. కిటికీ ఊచల నీడ దుప్పటి మీద పడుగు పోగుల్లా బారుగా పరుచుకుంది. చెంబెడు నీళ్లు అడిగి తాగింది. ఇంకో చెంబు తాగింది. “గిన్ని నీళ్లు తాగి ఎన్నేండ్లాయెనో,” అని తనలో తాను నవ్వుకుంది. ఇడ్లీ తింది. నడుము నొప్పి జ్ఞాపకంలా మిగిలింది. తనకు తగ్గిపోయిందని ఆమె ఒంట్లో ప్రతి ఎముకా చెప్పింది.

ఆ పొద్దునే బుచ్చవ్వ వచ్చింది. ఒడిలో ఒక మామిడిపండు, మార్కెట్ దగ్గర కొన్నది. చెప్పులు గుమ్మం బయటే విడిచి, మంచం అంచున ఒదిగి కూర్చుంది. శ్రీలత కత్తి ఇస్తే పండును రెండు చెక్కలు చేసింది. టెంకె వైపు ఎవరిదని ఇద్దరూ చిన్నప్పటిలాగే కొట్లాడుకున్నారు. రసం మోచేతుల దాకా కారింది.

“సోపతీ, నీకెక్కించే సూదిల నాకు సగం ఎక్కియ్యమనరాదే. నాక్కూడ మంటనే.”

“నీకు సిగ్గు లేదా చిన్నమ్మా,” అంది శ్రీలత. “గా సగం సగంతోనే గీడిదాక వచ్చింది.”

“ఊకో బిడ్డా, నవ్వులాటకన్న,” అంది బుచ్చవ్వ. కానీ నవ్వు నిలవలేదు. చెంగుతో చేతులు తుడుచుకుని, చెప్పాల్సింది నేల వైపు చూస్తూ చెప్పింది. “తలుపు వోతున్నదే సత్తెవ్వా.”

ఆసామికి పెద్ద ఆర్డరు వచ్చింది. నూలు పెట్టెలు పెట్టడానికి జాగ లేదు. వెనక రేకుల గది ఉండనే ఉంది. మొన్న రెండు పెట్టెలు అందులో దించారు, నిన్న ఇంకో నాలుగు. లోపలి గడియ ఊడదీసి, బయట తాళం వేశారు. ఆర్డరు అయ్యాక తీస్తానన్నాడు ఆసామి. ఆడవాళ్లు పొద్దున ఇంట్లో తాగే చాయ్ కూడా మానేశారు. తిరుమల అని కొత్తగా వచ్చిన పిల్ల, పెళ్లయి ఏడాది కాలేదు, అప్పుడే వేడి అంటోంది.

“నువ్వు లేకుంటే కాదే. నువ్వొచ్చి మెట్ల మీద కూసుంటే చాలు, ఆసామి గజగజ వణుకుతడు. మంచిగనే ఉన్నవ్ గద. లే, పోదాం. పన్నెండింటికి బస్సున్నది. ఒక్కరోజు. మల్ల రేపొద్దుగాల వద్దువు.”

సత్యవ్వ కాళ్లు మంచం మీద నుంచి దించి చెప్పులు వెతుక్కుంది. శ్రీలత “అమ్మా” అంది. తలుపు ఆమె మొదటి గెలుపు. ముప్పై ఏళ్ల కార్ఖానా బతుకులో ఇది నాది అని వేలెత్తి చూపగలిగింది అదొక్కటే. అది పోతుంటే చల్లటి గదిలో పడుకోవడమా? ఒక చెప్పు దొరికింది. రెండోది మంచం కింద ఉంది. దానికోసం వంగితే చేతికి గుచ్చిన సూది చురుక్కుమంది.

ఆమె ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది. పారదర్శకమైన గొట్టంలో మందు బొట్టు బొట్టుగా దిగుతోంది. ఎందుకో ఆమెకు తన లోపల ఒక కార్ఖానా కనిపించింది. బక్కవాళ్లందరూ నేల మీద పడి ఉన్నారు. మొండివాళ్లు కొందరు గోడలకు ఆనుకుని, చప్పుడు చేయకుండా కూర్చున్నారు. ఆపుకుని కూర్చున్నారు. అందరి చూపూ ఒక్క తలుపు మీదే. సత్యవ్వ ఎప్పుడు లేచి పోతుందా అని, ఎన్నేళ్లనుంచో అలవాటుగా, ఓపికగా ఎదురుచూస్తున్నారు. ఓపిక పట్టడం వాళ్లకు ఆమే నేర్పింది.

ఆమె చెప్పు విడిచేసింది. కాళ్లు మళ్లీ మంచం మీద పెట్టుకుంది.

“నేను రానే.”

బుచ్చవ్వ ముఖం చిన్నబోయింది. “సోపతి మరిసినవా?”

“మర్వలే. గీసారి సగం సగం లేదు. మందు మొత్తం నాది. తలుపు మొత్తం నీది.”

“నాతోని కాదే! నాకు మాట రాదు. ఆసామి ముంగట నా నోరు తెరుసుకోదు.”

“మాట ఎవలడిగిండ్రు? గప్పుడు నేను కూసున్న, నువ్వెనక కూసున్నవ్. ఇప్పుడు నువ్వు ముంగట కూసో. నిమ్మలంగ కూసునుడు నాకన్న నీకే మంచిగొస్తది. మిషన్ బంద్ జెయ్యి, కూసో, ఊకె కూసో. తక్కింది సాంచాలే మాట్లాడుతయ్.” మళ్లీ అంది, “పోయే ముందర డాక్టరమ్మకు కనవడు. నీ పెరుగు కూడా పేరుకోనియ్యి. ఏ గోలీలిస్తే గవి, ఒక్కటి మిగల్చకుంట, నువ్వొక్కదానివే మింగు. నాకియ్యనని ఒట్టువెట్టు.”

“నీకియ్యనని ఒట్టెట్ల వెడ్తనే!” బుచ్చవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. సోపతి కట్టుకున్నాక ఆమె నోట రాని మాట అది. అయినా చేతిలో చేయి వేసి ఒట్టు పెట్టింది. మామిడి రసంతో రెండు చేతులూ అతుక్కున్నాయి.

సంధ్యారాణి బుచ్చవ్వను కూడా పరీక్ష చేయించింది. ఆమె అదృష్టం బాగుంది. ఆమె పురుగులకు ఇంకా ఒక మామూలు గోలీ పనిచేస్తుందని రెండు రోజులకు తేలింది. శ్రీలత బుచ్చవ్వకు ఫోన్ చేసి గోలీ పేరు చెప్పి, నర్సింగానికీ చెప్పింది. ఆయన ఈసారి పొట్లం కట్టి ఊరుకోలేదు. వాళ్లింటికే వచ్చి, “నా ముంగట ఏసుకో బుచ్చవ్వా, నీ సంగతి నాకెర్కే,” అని నిలబడ్డాడు.

తర్వాతి పొద్దున సత్యవ్వ దుప్పటి మీద ఊచల నీడ లెక్కపెడుతూ పడుకుని ఉంది. శ్రీలత ఫోన్ మోగింది. అవతల తిరుమల. “పెద్దమ్మా, మాట్లాడకు, ఊకె ఇను,” అంది ఆ పిల్ల గుసగుసగా.

శ్రీలత ఫోన్‌ను తల్లి చెవి దగ్గర పెట్టింది.

మొదట అంతా టకటకటక, వానలా. తర్వాత ఆ వానలో ఒక చినుకు తగ్గింది. ఏ మూలదో సత్యవ్వకు తెలిసింది. ఇంకొకటి తగ్గింది. ఆమె కళ్లు మూసుకుంది. కిటికీ అవతల మామిడిపండ్ల బండివాడి కేక, ఫోన్‌లో పలచబడుతున్న సాంచాలు, రెండూ కలిసిపోయి, ఆమె ఎక్కడుందో ఆమెకే తెలియలేదు. మెట్ల మీద ఉంది. పక్కన బుచ్చవ్వ భుజం వెచ్చగా తగులుతోంది. గాలిలో నూగు ఆగి, మెల్లగా రాలుతోంది. చివరి సాంచా ఆగింది. కాకి అరిచింది. ఆనాటి కాకికి మనుమరాలై ఉంటుంది.

చాలాసేపటికి ఆసామి గొంతు దూరంగా వినిపించింది. “ఏందే బుచ్చవ్వా, నువ్వు గూడనా?” జవాబు లేదు. మళ్లీ ఆసామి, కాస్త తగ్గి, “ఆర్డరు అయినంక తీస్తనంటి గదా.” జవాబు లేదు. ఇంకా తగ్గి, “నూలు యాడ వెట్టుకోవాలె మరి?” నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో బుచ్చవ్వ నిండుగా కూర్చుని ఉందని సత్యవ్వకు తెలుస్తూనే ఉంది. అంత బాగా కూర్చోవడం తనవల్ల కూడా అయ్యేది కాదు.

చివరికి బుచ్చవ్వ గొంతు వచ్చింది. ముప్పై ఏళ్లలో ఆసామి ఎదుట ఆమె మాట్లాడిన మొదటి మాట.

“మీ ఇంట్ల వెట్టుకో.”

నేతగాళ్ల నవ్వు ఫోన్ దాటి ఆసుపత్రి గదిలోకి పొర్లింది. పక్క మంచం మీది ముసలమ్మ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. మధ్యాహ్నానికల్లా నూలు పెట్టెలు ఆసామి వరండాలోకి పోయాయి. తాళం ఊడింది. గడియ మళ్లీ బిగించారు, అదే పాత గడియ. సత్యవ్వ జీవితంలో తాను పక్కన లేకుండా గెలిచిన గెలుపు ఇదొక్కటే. కాబట్టి చెప్పుకునేటప్పుడు దీన్నే ముందు చెప్పాలని ఆమె వాదన. తలుపు ముందు వచ్చింది కాబట్టి ఇక్కడ తలుపుతోనే మొదలుపెట్టక తప్పలేదు.

ఇప్పుడు ఆమెకు ఏ బాధా లేదు. ఆకలి వేస్తోంది, నవ్వొస్తోంది, పొద్దుపోవడం లేదు. వార్డులో ఆడవాళ్లందరి చేతా చెంబులు చెంబులు నీళ్లు తాగిస్తోంది. అయినా సూది నడుస్తూనే ఉంది, ఆమె పడుకునే ఉంది. పన్నెండింటి బస్సు రోజూ వెళ్తోంది, హారన్ వినిపించినప్పుడల్లా ఆమె కాళ్లు దుప్పటి కింద కదులుతాయి, ఆగుతాయి. డాక్టరమ్మ పొమ్మనే రోజు చెప్పేసింది. శ్రీలత ఆ రోజును సిరిసిల్లకు ఫోన్‌లో చెప్పింది. కార్ఖానాలో ఆడవాళ్లు ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అని పదేపదే అడుగుతుంటే విసుగొచ్చి, బుచ్చవ్వ బట్టల తానుల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క తీసుకుని, వంకరటింకర అక్షరాలతో నీలం తలుపు మీద రాసింది. తలుపు తెరిచే ప్రతి మనిషీ ఇప్పుడు దాన్ని చదువుకుంటూనే లోపలికి పోతోంది:

సత్తెవ్వ వచ్చేది మే పన్నెండు, మంగళవారం.